పురుగు పండిన రోజు సెమీఫైనల్

మా ఊరి కబడ్డీ టీము ఫ్లెక్సులో నా ఫోటో ఎన్నడూ పడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నేను చెప్పబోయేదంతా విని, వీడికి ఫోటో వేయలేదని కడుపుమంట అని తేల్చేసేవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. కడుపుమంట ఉంది, లేదనను. టీముకు మొదటి కప్పు వచ్చిన ఏడు హోసూరులో ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వ్యాన్ మాట్లాడి, ఆటగాళ్ళ మోకాళ్ళకు ఐసుగడ్డలు మోసినవాడిని నేను. కెలమంగలం బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సులో వ్యాన్ డ్రైవరు ఉన్నాడు, షామియానా వేసినాయన ఉన్నాడు, ఆ ఏడే పుట్టిన మేనేజరు మనవడు కూడా బోడిగుండుతో ఉన్నాడు. నేను లేను. అడిగితే చోటు చాలలేదన్నారు. ఆ ఫ్లెక్సు కింద ఎడమ మూలలో ఒక మనిషి మొహం పట్టేంత ఖాళీ ఉండింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ ఖాళీ కనబడుతుంది.

అయితే ఇది నా ఫోటో గొడవ కాదు, నా తమ్ముడి గొడవ. కృష్ణగిరిలో సెమీఫైనల్ ఓడిపోయాక, నా తమ్ముడు ఆట అమ్ముకున్నాడని ఊరంతా అనింది. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్ళలో అది అబద్ధమని కచ్చితంగా తెలిసినవాళ్ళం ముగ్గురమే: తమ్ముడు, నేను, టీము మేనేజరు.

తమ్ముడు టీములో ఎడమ కార్నర్. కూతకు వచ్చినవాడి మడమ దొరికిందంటే ఇక వదలడు. పదిహేనేళ్ళప్పటి నుంచి అదే మూల. పెళ్ళయినా, పిల్ల పుట్టినా, వేలు విరిగినా ఆ మూల మాత్రం వదల్లేదు. వాడికి చదువు రాలేదు, ఫ్యాక్టరీ పని పడలేదు. ఊళ్ళో నలుగురిలో తలెత్తుకొని నిలబడ్డాడంటే ఆ ఆట వల్లే. అది పోతే వాడికి ఇంకేం మిగలదని నాకు తెలుసు.

మా ఊళ్ళో పట్టుపురుగులు మేపని ఇల్లు అరుదు. మేనేజరుకు చాకీ కేంద్రం ఉంది. అంటే గుడ్లు పొదిగించి, పురుగులను రెండో జ్వరం దాటేదాకా తనే పెంచి, ఆ పిల్ల పురుగులను ఇంటింటికీ ఇస్తాడు. పురుగుకు జ్వరం అంటే రోగం కాదు. మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి పాత చర్మం విడిచే సమయం. అట్లా నాలుగు జ్వరాలు. నాలుగోది లేచాక ఒక వారం పాటు ఎంత ఆకు వేసినా చాలదు. ఆ తర్వాత పురుగు పండుతుంది. ఒళ్ళు పసుపు తిరిగి, గూడు కట్టే చోటు వెతుక్కుంటూ పాకడం మొదలుపెడుతుంది. ఆ కొన్ని గంటల్లోనే ఏరి, వెదురుతో చుట్లుచుట్లుగా అల్లిన చంద్రికల మీద వేయాలి. లేదంటే ఆకుచెత్తలోనే గూడు కట్టి, నెల రోజుల కష్టం పెంటపాలవుతుంది.

ఈ సీజనుకు మేనేజరు ఒక ఉపాయం చేశాడు. ఆటగాళ్ళందరి ఇళ్ళకూ ఒకే రోజు పురుగులు ఇచ్చాడు. నాలుగో జ్వరంలో పురుగు పడుకొని ఉంటుంది, ఆకు కోసే పని ఉండదు, సరిగ్గా అప్పుడే కృష్ణగిరిలో ఆటలు. టీ అంగడి దగ్గర అతను ఇది వివరిస్తుంటే అందరూ నోళ్ళు తెరుచుకొని విన్నారు. నేను ఒక్కడినే అడ్డం పడ్డాను.

"ఇంటింటికీ ఒగ దినం తేడా పెట్టి ఇయ్యప్పా. వాన పడి ఆట ఒగ వారం ఎనక్కి పోయిందనుకో, అందరి పురుగూ ఒగే దినం పండుతుంది. అప్పుడేం చేస్తావు?"

"నువ్వు ఫ్యాక్టరీలో నట్లు బిగించుకో పోప్పా" అన్నాడు మేనేజరు. "పురుగు సంగతి పురుగు మేపేవాళ్ళకు ఇడ్సు."

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. నేను హోసూరులో అద్దె ఇంట్లో ఉండేది నిజమే. కానీ నేను పుట్టింది ఆ పురుగుల షెడ్డు పక్క గదిలోనే. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడుగురిలో ఒకడు మా ఊరివాడు కాదు. బర్గూరు నుంచి తెచ్చుకున్న రైడరు. బయటి ఆటగాణ్ణి తెచ్చేటప్పుడు మా ఊళ్ళో కాగితాలు ఉండవు. మారెమ్మ గుడి ముందర తాంబూలం ఇస్తారు. ఆకూ వక్కా చేతిలో పడిందంటే ఒప్పందం కుదిరినట్టే, ఇద్దరూ మాట తప్పకూడదు. బర్గూరువాడికి రెండు సీజన్లకు తాంబూలం ఇచ్చారు. వాడు పెట్టిన షరతులన్నీ మేనేజరు ఒప్పుకున్నాడు. ఇంటికి కారు పంపాలి, కూత సరిగా రాకపోయినా మధ్యలో బయట కూర్చోబెట్టకూడదు, చివరి కూత ఎప్పుడూ వాడిదే. మా ఊరి పిల్లలకు మాత్రం తాంబూలం లేదు. ఇంటివాళ్ళకు తాంబూలం ఏమిటని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అట్లాగే అనుకున్నాను.

వాన పడింది. కృష్ణగిరి మైదానంలో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. సెమీఫైనల్ వారం వాయిదా పడింది.

సెమీఫైనల్ రోజు మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికే మా వాళ్ళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వారం నుంచి పురుగుకు ఆకు వేస్తూ ఎవరూ సరిగా పడుకోలేదు. అయినా మొదటి సగం బాగా ఆడారు. తమ్ముడు వరసగా పట్టులు పట్టాడు. ఎదుటి టీము పెద్ద రైడరును బయటికి పంపి తొడ చరుచుకుంటూ తిరుగుతుంటే, ఇంక కప్పు మనదే అనుకున్నాను. ఇంటర్వెల్‌కు తొమ్మిది పాయింట్లు ముందున్నాము. అప్పుడు నా ఫోన్ మోగింది. మరదలు.

"బావా, పురుగు పండిపోయింది. గోడలెక్కుతా ఉండాయి. నేనొక్కదాన్నే ఉండాను. పక్కింటోళ్ళను పిలుద్దామంటే వాళ్ళింట్లోనూ అదే. ఆయన్ను తోడుకొని రా బావా."

మిగతా ఆటగాళ్ళ ఇళ్ళల్లో అమ్మా నాయనా, అన్నదమ్ములు, కోడళ్ళు, ఎవరో ఒకరు చేతులు ఉన్నాయి. తమ్ముడి ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఇద్దరే. పిల్ల ఇంకా చిన్నది. నేను చెప్పగానే తమ్ముడు నేరుగా మేనేజరు దగ్గరికి పోయాడు. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళ సీసా మూత తిప్పుతూ మేనేజరు అన్న మాట ఇది:

"పోప్పా. పురుగు ముఖ్యం. తొమ్మిది పాయింట్లు ముందుండాము, నేను చూసుకుంటా. నువ్వు పో."

పేపరు మీద రాయించుకోలేదు. రాయించుకోవాలని ఎవరికి తోస్తుంది?

బండి వెనక గేటు దగ్గర ఉంది. హైవే మీద పోలీసులు హెల్మెట్ లేనివాళ్ళను ఆపుతున్నారని తమ్ముడికి నేనే హెల్మెట్ తగిలించాను. రాయకోట దగ్గర జేబులో ఫోన్ మోగితే బండి పక్కకు తీశాను. మా ఊరి షేర్ ఆటో డ్రైవరు, మైదానం నుంచి.

"రెండు పాయింట్లతో పాయె అన్నా. ఎడమ పక్క కోటగోడ మాదిరి ఉన్నింది, కంపగేటు అయిపోయింది. నీ తమ్ముడు యాడుండాడు?"

నేను ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. తమ్ముడు హెల్మెట్ అద్దం పైకెత్తి నా మొహం చూశాడు. అడగలేదు. "బండి నిలపొద్దన్నా, పోనీ" అన్నాడు.

ఇంటికి పోయేసరికి పురుగులు స్తంభాలెక్కుతున్నాయి. మరదలి కొంగు మీద, పిల్ల ఊయల తాడు మీద కూడా ఉన్నాయి. పొద్దు వాలేదాకా ముగ్గురం ఏరాము. తమ్ముడు టీము జెర్సీ విప్పకుండానే ఏరాడు. సగానికి పైగా దక్కాయి. మిగతావి ఆకులోనే చుట్టుకున్నాయి.

ఆదివారం పొద్దున పాల సొసైటీ వరండాలో అందరూ చేరారు. పిలిచి పెట్టిన సభ కాదు. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు క్యాన్లు పక్కన పెట్టి కూర్చుండిపోయారు, అంతే. మేనేజరు ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. తమ్ముడు మెట్ల మీద కూర్చున్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఊళ్ళో సగం మందికి మామ. ఆయనే మొదలుపెట్టాడు.

"మొదట బర్గూరోని సంగతి తేల్చండప్పా. ఆఖరి కూతకు పోయి, ముట్టకుండా, బోనస్ తీయకుండా, ఉత్త చేతుల్తో ఎనక్కొచ్చినాడే, వాన్ని ఇంకా ఎందుకు మేపేది?"

"మామా, వాని కూత నీకేం తెలుసు?" అన్నాడు షేర్ ఆటో డ్రైవరు. "నువ్వు రైట్ రైట్ అని ఇజిలేసేదే కదా నీకు తెలిసింది."

"నా ఇజిలుకు బస్సన్నా కదుల్తా ఉన్నింది. వాని కూతకు ఏం కదిలిందిరా?"

వరండా అంతా ఘొల్లుమంది. ఓడిపోయి వారం కాలేదు, అందరి కడుపుల్లోనూ మంటే. అయినా నవ్వు ఆగలేదు. నాకు నవ్వు రాలేదు.

"మధ్యలోనే బయట కూసోబెట్టుండాల్సింది" అన్నాడు ఇంకొకాయన. "వానికి ఆ దినం కాళ్ళే ఆడలేదు."

"యట్ల కూసోబెట్టేది?" మేనేజరు మొదటిసారి నోరు విప్పాడు. "మాట ఇచ్చి ఉండాము. మారెమ్మ ముందర తాంబూలం ఇచ్చి ఉండాము. రెండు సీజన్లు. వద్దంటే నువ్వు పోయి ఆయమ్మకు చెప్పు."

"అసలు అట్లాంటి షరతుకు నువ్వెందుకు ఒప్పుకుంటివి? కూత రాకున్నా ఆడించల్లంట, ఆఖరి కూత వానిదేనంట. అల్లుని తెచ్చుకున్న మాదిరి ఉంది, ఆటగాన్ని తెచ్చుకున్న మాదిరి లేదు."

"ఒప్పుకోకుంటే వాడు వేరే టీముకు పోతాడు. అప్పుడు కూడా నన్నే తిడ్తురు. ఓడినాక అందరూ కోచ్‌లేనప్పా."

"అట్లయితే మేనేజర్నే మారుస్తాము" అన్నాడు ఆటో డ్రైవరు. అనేసి తనే బెదిరినట్టు చుట్టూ చూశాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "మార్చండి. ఇదో కుర్చీ. ఎవురు కూసుంటారు? జెర్సీలు, బండ్లు, ఆటగాళ్ళ తిండి, ఆస్పత్రి, అన్నీ చూసుకోవల్ల. నువ్వు కూసుంటావా?"

"నా ఆటో ఎవుడు తోల్తాడు?" అన్నాడు వాడు.

ఎవరూ లేవలేదు. మేనేజరు మళ్ళీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఆయన గెలిచాడని నాకు అర్థమైంది. బర్గూరువాణ్ణి తీసేయలేరు, మేనేజరును మార్చలేరు. అయినా ఓటమికి ఒక మనిషి కావాలి. కండక్టరు మామ మెల్లిగా మెట్ల వైపు తిరిగాడు.

"ఇదంతా కాదప్పా. ఎడమ మూల ఎవుడు ఖాళీ చేసినాడో ఆ సంగతి మాట్లాడండి."

"అందరిళ్ళల్లోనూ పురుగే కదా పండింది. మిగిలినోళ్ళు ఎవురూ లేసి పోలేదే?" అని ఇంకొకరు అందుకున్నారు.

"పోయేవాడు ముందర గేటులో పోవచ్చు కదా. ఎనక గేటులో, హెల్మెట్ ఏసుకొని పోయినాడంట. మన ఊర్లో హెల్మెట్ ఏసేది ఎవుడప్పా? మొహం దాచుకునేదానికి కాకుంటే?"

"ఎంతకు అమ్ముడుపోయినాడో" అని ఎవరో గొణిగారు.

ఇంక నా వల్ల కాలేదు. "హెల్మెట్ ఏసింది నేను" అన్నాను. "బండి నాది. ఎనక గేటు కాడ నిలిపింది నేను. ఆడ్నుంచి పోయి పొద్దు గుంకేదాకా పురుగు ఏరినాము. కావాలంటే చంద్రికలు చూసి రాండి."

"అన్న చెప్తాడు, తమ్ముడు ఊ కొడ్తాడు" అన్నాడు మామ.

"సరే, నా మాట వద్దు. మేనేజర్ను అడుగు. వీడు అడిగే పోయినాడు. పోప్పా, పురుగు ముఖ్యం, నేను చూసుకుంటా అని చెప్పి పంపింది ఎవురు? ఒగే దినం అందరికీ పురుగు ఇచ్చింది ఎవురు? నేను అప్పుడే చెప్పినా, నట్లు బిగించుకో పొమ్మన్నాడు. ఇప్పుడు చెప్పమను!"

అందరి తలలూ కుర్చీ వైపు తిరిగాయి. అవునని ఒక్క మాట చాలు, నా తమ్ముడు తలెత్తుకొని ఇంటికి పోతాడు. మేనేజరు నా వైపు చూడలేదు. నా తమ్ముడి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు నిదానంగా అన్నాడు.

"నన్నెందుకు అడిగేది? పోయినోడు ఈడనే ఉండాడు కదా. వాన్నే అడగండి."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు, మైదానంలో ఎదుటివాడి కూత కోసం కాచుకొని ఉన్నప్పుడు పెట్టుకున్నట్టు.

"ఎవురూ పొమ్మన్లా" అన్నాడు. "నేనే పోయినా. అన్న ఏదో తప్పుగా ఇన్నాడు."

ఆ మాట తర్వాత అక్కడ ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. ఎవరో "తూ" అన్నారు. ఈ సీజనుకు తమ్ముణ్ణి పక్కన పెట్టాలని తీర్మానించారు. మేనేజరు ఉంటాడు. బర్గూరువాడు ఉంటాడు. పాలు తూచడం మొదలైంది.

ఇంటికి పోయేదాకా నేను ఓర్చుకున్నాను. షెడ్డులోకి పోగానే అరిచాను. నన్ను నలుగురిలో అబద్ధాలకోరును చేశావు, నీ పేరు నువ్వే మట్టిలో కలుపుకున్నావు, ఎందుకు చేశావని అడిగాను. మరదలు పిల్లను ఎత్తుకొని బయటికి పోయింది. తమ్ముడు చంద్రికల నుంచి గూళ్ళు తీస్తూనే జవాబు చెప్పాడు.

"నేను నిజం చెప్పుంటే ఆయప్పను దింపేసుందురు. దింపితే టీము ఎవురు నడిపేది? చూసినావు కదా, కుర్చీలో కూసోనికి ఒగడన్నా లేసినాడా? టీము లేకుంటే నేను యాడ ఆడేదన్నా?"

"ఇప్పుడు మాత్రం యాడ ఆడతావు?"

"ఒగ సీజన్ పక్కన పెడ్తారు. మళ్ళా పిలుస్తారు. ఆయప్ప చూసినాడు కదా నన్ను. కండ్లతోనే చెప్పినాడు."

కళ్ళతో చెప్పిన మాటకు తాంబూలం ఉండదు. ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా గూడు తర్వాత గూడు తీస్తూ, ఆ చూపునే పట్టుకొని కూర్చున్నాడు.

పిలవలేదు. సీజన్ అయిపోయి కొత్త సీజన్ వచ్చింది. ఎడమ మూలకు బర్గూరు నుంచే ఇంకొకణ్ణి తెచ్చారు, ఆ రైడరుకు చుట్టమట. మారెమ్మ ముందర తాంబూలం ఇచ్చారు. వాడికీ రెండు సీజన్లే. ఆ సాయంత్రం తమ్ముడు గుడి వైపు పోలేదు. మల్బరీ తోటలో ఆకు కోస్తూ ఉండిపోయాడు. తప్పెట చప్పుడు తోటదాకా వినబడింది. కొడవలి ఆగలేదు. కాకపోతే ఒకే వరసలో వాడు రెండుసార్లు పోయాడు, కోయడానికి ఏమీ లేని మోళ్ళ మధ్య. ఇప్పటికీ మైదానం మీదుగా పోయే దారి వదిలి, చెరువుకట్ట మీద చుట్టు తిరిగి ఇంటికి వస్తాడు. మరదలు నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "ఆయన సరిగా తినడంలేదు బావా. నువ్వన్నా ఒగసారి మేనేజరుతో మాట్లాడరాదా?"

మాట్లాడాను. నా జన్మలో ఆ మనిషి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, పోయి నిలబడ్డాను. చాకీ కేంద్రం బయటే ఆపాడు, లోపల పిల్ల పురుగులు ఉన్నాయని. "చూస్తాము లేప్పా" అన్నాడు. తర్వాత నన్ను పరికించి చూసి, "నీ ఫోటో ఒగటి పంపించు" అన్నాడు. ఎందుకని అడిగేలోపే లోపలికి పోయాడు. నేను పంపలేదు.

వారానికి కెలమంగలం బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సు లేచింది. హోసూరు బస్సు దిగి చూశాను. బర్గూరువాళ్ళు ఇద్దరూ నిలువెత్తున ఉన్నారు. కింద ఎడమ మూలలో, ఇన్నేళ్ళూ తమ్ముడి ఫోటో ఉండే వరసలో, నేను. ఎవరి పెళ్ళిలోదో ఫోటో కత్తిరించి పెట్టారు. మెడలో ఎవరిదో చెయ్యి కూడా ఉంది. కింద "మన టీము శ్రేయోభిలాషి" అని.

టీ అంగడిలో మేనేజరు ఉన్నాడు. "చూసినావా?" అన్నాడు సంతోషంగా. "ఇంక సరిపాయె కదా?"

"తీసేయ్" అన్నాను. "నా తమ్ముడిది పెట్టు, లేకుంటే నాది తీసేయ్."

"అయ్యో సామీ! ఇన్నేండ్లు ఏయలేదని కొట్లాడితివి. ఏసినా కొట్లాటేనా నీతో?"

అంగడిలో అందరూ నవ్వారు. నేను పక్కనున్న కొబ్బరిబోండాల బండి దగ్గర కత్తి అడిగి తీసుకున్నాను. స్టూలు వేసుకొని ఎక్కాను. నా మొహం చుట్టూ చతురస్రంగా కోసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకొని దిగాను. ఎవరూ ఆపలేదు. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. దాన్ని చూసి ఊరంతా ఇంకా నవ్వుతూనే ఉందట. నవ్వుకోనీ. ఆ మేనేజరుతో అదే నా చివరి మాట.

తమ్ముడు ఇంటి ముందర తడి ఆకు కుప్ప పోసుకొని కూర్చున్నాడు. కోసుకొచ్చిన ముక్క వాడి ముందు పరిచాను. ఎక్కడిదో చెప్పాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అంటాడని, తిడతాడని, ఏడుస్తాడని, కనీసం నా పక్కన నిలబడతాడని కాచుకున్నాను.

"ఇంకా కొంచెం పెద్దగా కోసుండకూడదా అన్నా" అన్నాడు. "ఆకు కప్పేదానికన్నా వచ్చుండును."

ఆ తర్వాత నా మొహం కిందికి వచ్చేలా దాన్ని తిరగేసి, ఎండ తగిలే వైపు ఆకు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. కప్పింది కుప్పలో ఒక మూల మాత్రమే.